తలా నాలుగు ఉండలు



ఉగాది మర్నాడు పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవారకముందే ఒక లెక్క మొదలవుతుంది. పది పన్నెండు ఇళ్లవాళ్లు కలిసి ఒక పొట్టేలు కొంటారు. కోసి, ఒలిచి, ముక్కలు కొట్టాక మాంసాన్ని శుభ్రమైన పట్ట మీద కుప్పలుగా పెడతారు. దీన్నే పాళ్లు వేయడం అంటారు. ప్రతి పాలులోనూ ఇంత మెత్తటి మాంసం, ఇంత ఎముక, ఇంత బోటి, ఇంత కొవ్వు పడాలి. కార్జం కొంచెమే ఉన్నా ఎన్ని ఇళ్లో అన్ని ముక్కలు కావలసిందే. ఒక పాలు కాస్త తగ్గినట్టు కనిపిస్తే చుట్టూ నిలబడ్డవాళ్లలో ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు. పక్క కుప్పలోంచి ఒక ముక్క ఇటు వస్తుంది. అందరి కళ్లూ ఒప్పుకున్నాకే సంచులు తెరుచుకుంటాయి.

వీధిలో అంత నిక్కచ్చిగా నడిచిన లెక్క ఇంటి గడప దాటగానే ఆగిపోతుంది. మాంసం కుండలోకి వెళ్తుంది. ఉడికాక గెంటెతో వడ్డన మొదలవుతుంది. మొదట పెద్దవాళ్లకు, ఇంటికొచ్చిన బంధువుకు, తర్వాత పిల్లలకు. ఇంకో ముక్క వేయమన్నవాళ్లకు ఇంకో ముక్క. అందరూ చేతులు కడుక్కున్నాక వండిన మనిషి తన తట్ట ముందు పెట్టుకుంటుంది. అప్పటికి కుండలో ఉండేది పులుసు, రెండు ఎముకలు, అడుగున కాస్త మసాలా. రుచంతా పులుసులోనే ఉందని చెప్పి ఆమె సంగటి అద్దుకుని తినేస్తుంది. ఆ మాటను ఇంట్లో అందరూ నమ్ముతారు. కొన్నాళ్లకు ఆమె కూడా నమ్ముతుంది.

ఈ ప్రసంగం ఆ కుండలోని లెక్క గురించి. మాంసాన్ని మనిషికి ఇన్ని అని ఎంచి పెట్టగలిగేలా వండుకోవడం గురించి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇళ్లలో అలాంటి వంటకం ఒకటి చాలాకాలంగా ఉంది. పేరు కైమా ఉండలు. పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో చేసే పెద్ద వంటగా దాన్ని పక్కన పెట్టేశారు గానీ, నిజానికి వారం మధ్యలో, పనికి పోయి వచ్చిన సాయంత్రం కూడా చేసుకోగలిగినంత సులువైన వంట అది.

ఎంచి పెట్టడం అనేది రాయలసీమకు కొత్త కాదు. ఇక్కడి భోజనమే ముద్ద లెక్కన నడుస్తుంది. కాస్త బియ్యం మెత్తగా ఉడికించి, పైన రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, సంగటి కట్టెతో ఉండలు లేకుండా గెలికి, తడిచేత్తో గుండ్రంగా చేసి తట్టలో దించుతారు. నడుమ బొటనవేలితో ఒక గుంత. ఆ గుంతలో పులుసు. పొలం పనికి పోయే మనిషికి ఇంత ముద్ద, బడికి పోయే పిల్లకు ఇంత ముద్ద అని సంగటి చేసే చేతికి తెలుసు. పిండి కొలిచి పోసేటప్పుడే ఎన్ని ముద్దలు వస్తాయో తెలుస్తుంది. అన్నం ఎవరికి ఎంత పడిందో చెప్పడం కష్టం, ముద్ద అయితే కళ్ల ముందు కనిపిస్తుంది. మరి ముద్దకు ఉన్న ఆ సౌకర్యం ముద్ద పక్కన పెట్టుకునే కూరకు ఎందుకు ఉండకూడదు?

కోడికూర సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. కోడికి కాళ్లు రెండే. ఇంట్లో పిల్లలు ముగ్గురైతే ఆ ఆదివారం ఎలా గడుస్తుందో చెప్పనవసరం లేదు. మొదటివాడు పోయిన వారం తిన్నాడు, రెండోవాడు చిన్నవాడు, మూడోది ఆడపిల్ల. తగువు తీర్చే పెద్దమనిషి మెడ ముక్కతో సరిపెట్టుకుంటాడు. అదే కోడిమాంసాన్ని కైమా చేసి ఉండలు కడితే కాలు ముక్కా ఉండదు, మెడ ముక్కా ఉండదు. అన్నీ ఒకే తీరు, ఒకే పరిమాణం.

కైమా అనే మాట తుర్కుల నుంచి, పారశీకుల నుంచి ఉర్దూ మీదుగా మన నోటికి వచ్చింది. హిందూపురం ముస్లిం ఇళ్లలో ఉండలను కోఫ్తాలు అంటారు. పారశీకంలో ఆ మాటకు అర్థం దంచినది అని. రోట్లో దంచి, ఉండ కట్టి వండే ఈ పద్ధతి టర్కీలో కోఫ్తె, గ్రీసులో కెఫ్తెదెస్, మన దగ్గర కోఫ్తా. స్వీడన్ దేశపు అధికారిక సామాజిక మాధ్యమ ఖాతా 2018లో ఒక మాట ప్రకటించింది. తమ దేశం పేరు మీద లోకమంతా తినే మాంసపు ఉండల పద్ధతిని రాజు పన్నెండో చార్లెస్ 18వ శతాబ్దం మొదట్లో టర్కీ నుంచి తెచ్చుకున్నాడని ఒప్పుకుంది. మన సీమకు ఈ వంట రావడానికి అంత దూరం అక్కర్లేకపోయింది. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. ఆ తర్వాత పెనుకొండ కోట చాలా చేతులు మారింది. కొండ కింద బాబా ఫకృద్దీన్ దర్గా ఉంది, దాన్ని ఊరంతా బాబయ్య దర్గా అంటుంది. ఉరుసుకు హిందువులూ ముస్లిములూ కలిసే వస్తారు. అలా ఒకే ఊళ్లో, ఒకే మాంసం అంగడి ముందు నిలబడే జనం మధ్య ఒకరి కోఫ్తా ఇంకొకరికి కైమా ఉండ కావడానికి ఎక్కువ కాలం పట్టి ఉండదు. సరిహద్దు దాటి గౌరిబిదనూరుకు పోతే కన్నడిగులు దాన్నే కైమా ఉండె అంటారు.

అయితే ఇక్కడి ఉండలో ఇక్కడిదైన దినుసు ఒకటి చేరింది. అదే పప్పుల పొడి. కోస్తావాళ్లు పుట్నాలు అనే వేయించిన శనగపప్పును ఈ ప్రాంతంలో ఉత్త పప్పులు అంటారు. పొద్దున ఉగ్గాని మీద చల్లుకునే పొడి ఇదే. కైమాలో ఇది చేసే పని రెండు విధాలు. మాంసంలోంచి ఊరే రసాన్ని పీల్చుకుని ఉండ జారిపోకుండా పట్టి ఉంచుతుంది. రెండోది, అరకిలో మాంసాన్ని ఆరుగురికి సరిపోయేలా పెంచుతుంది. పప్పు కూడా మాంసకృత్తులున్న గింజే కాబట్టి ఇది కల్తీ కాదు, పోషకాలను తగ్గించే పని అంతకన్నా కాదు.

లెక్క చూద్దాం. అరకిలో ఎముకలేని కైమా, వంద గ్రాముల పప్పుల పొడి, సన్నగా తరిగి గట్టిగా పిండిన రెండు ఎర్రగడ్డలు, అల్లం తెల్లగడ్డల ముద్ద, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, కాస్త గసాలు కొబ్బెర కలిపి నూరినది. మొత్తం ముప్పాతిక కిలోకు కాస్త తక్కువ ముద్ద అవుతుంది. నిమ్మకాయంత, అంటే ముప్పై గ్రాముల ఉండలు కడితే దగ్గర దగ్గర 24 వస్తాయి. ఆరుగురున్న ఇంటికి తలా నాలుగు. వంద గ్రాముల మాంసంలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులుంటాయి, వంద గ్రాముల పప్పుల్లోనూ దాదాపు అంతే. అంటే ఒక్కో ఉండలో సుమారు 5 గ్రాములు, నాలుగు ఉండల్లో 20 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నాలుగు ఉండలతో అందులో ఐదింట రెండు పాళ్లకు పైగా ఒక్క పూటలోనే తీరుతుంది. అరకిలో ముక్కల కూర ఆరుగురికి వడ్డిస్తే ఎవరికి ఎంత అందిందో ఏ సంస్థా లెక్క చెప్పలేదు.

కైమా ఎలా తెచ్చుకోవాలనేది మొదటి మెట్టు. అంగట్లో మొద్దు మీద రెండు కత్తులతో కొట్టించుకున్న కైమాకు, మరలో ఆడించిన కైమాకు తేడా ఉంది. కత్తితో కొట్టింది కాస్త గరుకుగా ఉండి నమిలేటప్పుడు మాంసం తగులుతుంది. మరలోది పేస్టులా ఉండి ఉండ నున్నగా వస్తుంది. పళ్లు లేని అవ్వకు, ఏడాది నిండిన పిల్లకు రెండోదే మేలు. తొడ మాంసం తీసుకుని, ఒలిచిన ఎముకలను వదిలేయకుండా విడిగా కట్టించుకోవాలి. పులుసుకు ప్రాణం ఆ ఎముకలే. కడిగిన కైమాను జల్లెడలో వేసి నీళ్లన్నీ కారేదాకా నొక్కాలి. ఉండలు విరిగిపోయాయని బాధపడే ఇళ్లలో ఎక్కువసార్లు తప్పు ఈ నీళ్లదే.

ఉప్పు ఎప్పుడు వేయాలన్నది రెండో మెట్టు. ఉప్పు కలిపి నాలుగైదు నిమిషాలు గట్టిగా పిసికితే మాంసంలోని కొన్ని మాంసకృత్తులు కరిగి జిగురుగా పైకి వస్తాయి. చేతికి అంటుకునే ఆ జిగురే ఉండను కలిపి ఉంచేది. అందుకే ముందు కైమా, ఉప్పు పిసికి, ఆ తర్వాతే పొడి, ఎర్రగడ్డ కలుపుతారు. పప్పుల పొడి మరీ ఎక్కువ పోస్తే ఉండ గట్టిపడి, లోపల పిండి తగులుతుంది. అనుమానముంటే ఒక ఉండను ముందుగా మరిగే నీళ్లలో వేసి చూస్తారు. నిలబడితే మిగతావి కడతారు, విడిపోతే ఇంకో గుప్పెడు పొడి.

పులుసు విడిగా మరుగుతుండాలి. ఎముకలు ఉడికిన నీళ్లలో ధనియాలు, చెక్క, లవంగం, కొబ్బెర, ఎండుమిరపకాయలు నూరిన మసాలా, టమాట, నిమ్మకాయంత చింతపండు. హిందూపురం చింతపండు సంతకు పేరున్న ఊరు, ఈ చుట్టుపక్కల పులుసులో పులుపు ముందుంటుంది. కొందరు చిక్కదనానికి వేయించిన శెనక్కాయల పొడి కూడా వేస్తారు. పులుసు కుతకుత ఉడికేటప్పుడు ఉండలను ఒక్కొక్కటిగా జారవిడవాలి. వేశాక పది నిమిషాలు గెంటె పెట్టకూడదు. కలపాల్సి వస్తే గిన్నెను రెండు చెవులూ పట్టుకుని గుండ్రంగా కదపాలి. ఉండ పైపొర గట్టిపడ్డాక ఎలా కలిపినా విరగవు. నిమ్మకాయంత ఉండ ఉడకడానికి పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ముక్కల కూరకు కుక్కరులో అయినా అరగంట దాటుతుంది, ముదురు మాంసమైతే ఇంకా ఎక్కువ. సాయంత్రం ఆరు దాటాక ఇంటికి చేరిన మనిషికి ఈ తేడా పెద్దది.

ఇంకా సులువు పద్ధతులున్నాయి. వాటికి కొత్త పాత్ర కొననక్కర్లేదు. సీమలో పొంగనాల పెనం లేని ఇల్లు అరుదు. ఏడు గుంతలదో, పన్నెండు గుంతలదో వంటింట్లో ఒకటి ఉంటుంది. దోసెపిండి మిగిలితే తీస్తారు, లేకపోతే గోడకు వేలాడుతుంది. అదే పెనం గుంతల్లో చుక్క చుక్క నూనె వేసి, ఒక్కో దాంట్లో ఒక్కో కైమా ఉండ దించి, మూత పెట్టి సన్నసెగ మీద మగ్గిస్తే పది పన్నెండు నిమిషాల్లో రెండు వైపులా ఎర్రగా కాలుతాయి. మూకుడు నిండా నూనె పోసి వేయించే పని లేదు. ప్రతి గుంతా ఒక కొలత కాబట్టి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అనే మాట రాదు. సంగటికి ఊరిబిండి పచ్చడి, పక్కన నాలుగు కైమా పొంగనాలు ఉంటే భోజనానికి ఇంకేం కావాలి? పులుసు కూడా అక్కర్లేదు.

ఇడ్లీ పాత్ర ఇంకా పెద్ద ఉపకారి. పదహారు గుంతల పాత్రకు నూనె రాసి, పైన చెప్పిన ముద్దనే గుంతకు ఇంత సర్దితే, ఒక్కోటి నలభై గ్రాములు దాటుతుంది. ఇరవై నిమిషాలు ఆవిరి పడితే గట్టిపడి గుంత వదిలి వస్తాయి. వాటిని అలాగే తినొచ్చు, పెనం మీద కాసింత కాల్చుకోవచ్చు, మర్నాడు పిల్లల డబ్బాలో అన్నం పక్కన పెట్టొచ్చు. పిల్లలకు కారం తక్కువ, పెద్దలకు కారం ఎక్కువ కావాలంటే పై తట్టు ఒక ముద్దతో, కింది తట్టు ఒక ముద్దతో నింపితే సరి. ముద్ద సగం విడదీశాక ఒక సగానికి మాత్రమే మిరప్పొడి కలపడం నిమిషం పని. ఒకే కుండలో వండిన కూరతో ఆ వెసులుబాటు లేదు. అవ్వకు ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పిన ఇళ్లకు ఈ సంగతి బాగా పనికొస్తుంది.

ముస్లిం ఇళ్లలో శామీ మరో దారి. అక్కడ కైమాను శనగపప్పుతో కలిపి నీళ్లు ఇంకేదాకా ముందే ఉడికించి, రుబ్బి, బిళ్లలు తట్టి, పెనం మీద కాలుస్తారు. మాంసం అప్పటికే ఉడికి ఉంటుంది కాబట్టి లోపల పచ్చిగా మిగిలిందేమో అన్న భయం లేదు. ఉడికించిన గుడ్డు చుట్టూ కైమా తొడిగితే అది నర్గిసీ కోఫ్తా. మనిషికి ఒకటి చాలు, కోసి పెడితే లోపల పసుపూ తెలుపూ చూసి పిల్లలు కళ్లు పెద్దవి చేస్తారు. హైదరాబాదు వైపు పెళ్లిళ్లలో ఇదే కైమాను మైదా పొరలో పెట్టి నలుచదరంగా కోసి వేయిస్తే లుఖ్మీ. లుఖ్మా అంటే కబళం, నోటిలోకి పట్టే ముద్ద. ఊరు మారినా, భాష మారినా ఈ వంటలన్నీ ముద్ద చుట్టూనే తిరుగుతున్నాయి.

ఇక్కడ దేశం దాటి ఒక ఊసు. ఇంగ్లండులో కార్న్‌వాల్ అనే చోట తగరం, రాగి గనుల్లో పనిచేసేవాళ్లు మాంసం, ఉర్లగడ్డ నింపి మడిచి కాల్చిన పేస్టీని గనిలోకి తీసుకుపోయేవారు. ఒక మనిషికి ఒకటి. ఇంటి ఆడవాళ్లు ఒక మూల ఆ మనిషి పేరులోని మొదటి అక్షరాన్ని పిండితోనే అతికించేవారట. సగం తిని పక్కన పెట్టినా ఎవరిది వారికే దక్కేది. ఆ పేస్టీకి 2011లో ఐరోపా సమాఖ్య ప్రాంతీయ గుర్తింపు ఇచ్చింది. ఆ కార్న్‌వాల్ గని మనుషులే 19వ శతాబ్దం చివర్లో కోలారు బంగారు గనులకు వచ్చి మన తెలుగు, తమిళ కూలీలతో పాటు భూమిలోకి దిగారు. ధర్మవరానికి దగ్గర్లోని రామగిరిలో కూడా గత శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు కంపెనీలు బంగారం తవ్వాయి. గనిలోకి దిగే మనిషికైనా, మగ్గం గుంతలో కూర్చునే మనిషికైనా, పని మధ్యలో తన వంతు తనకు ఉందన్న ధీమా ఒకటే.

ధర్మవరం మగ్గాల ఇళ్లలో తిండికి ఇంకో నియమం ఉంటుంది. పట్టు దారం మీద నూనె మరక పడితే చీర పోయినట్టే. నేసే మనిషి ఒక్కడే కనిపించినా ఆ చీర వెనక ఇల్లంతా ఉంటుంది. దారం చుట్టేది, అచ్చు అతికేది, పోగులు సరిచూసేది ఎక్కువగా ఆడవాళ్లు. వంట, మగ్గం పని ఒకదాని మీద ఒకటి పడి నడుస్తాయి. అందరూ ఒకేసారి కూర్చుని తినే వీలు ఉండదు. ఒకరు లేచాక ఒకరు చేతులు శుభ్రంగా కడుక్కుని తిని, మళ్లీ కడుక్కుని పనికి పోతారు. అలాంటి ఇంట్లో చివర తినే మనిషికి ఎంత మిగిలిందనేది ఎప్పుడూ అదృష్టం మీదే ఉంటుంది. ఉండలైతే ఎంచి మూత పెట్టవచ్చు.

హిందూపురం పక్కన తూముకుంట పారిశ్రామికవాడ, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా కర్మాగారం, దాని చుట్టూ పుట్టిన విడిభాగాల కంపెనీలు ఈ ప్రాంతపు భోజన వేళల్నే మార్చేశాయి. బట్టలు కుట్టే కర్మాగారాలకు పల్లెల నుంచి ఆడవాళ్లు బస్సుల్లో పోతున్నారు. ఒకే ఇంట్లో ఒకరు పొద్దున ఐదుకు లేచి పోతే, ఇంకొకరు రాత్రి పొద్దుపోయాక వస్తారు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురాలను కలిపే రైలు పట్టాల మీద రోజూ బెంగళూరుకు పోయి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఒక కుండ చుట్టూ అందరూ కూర్చునే రోజు వారానికి ఒకటి దొరికితే గొప్ప. ఇంట్లోవాళ్లు విడివిడిగా తినక తప్పనప్పుడు, వంట కూడా విడివిడిగా పెట్టుకోవడానికి వీలైన రూపంలో ఉండడం మంచిది.

అసలు విషయం ఆరోగ్యంతో ముడిపడి ఉంది, దీన్ని గట్టిగానే చెప్పాలి. 2019–21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క వంటకం తీర్చేది కాదు. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలకు ఉండలు బదులు కావు. కానీ 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో రెండో స్థానంలో నిలిచిన రాష్ట్రం ఇది. అప్పుడు ఇక్కడ కోటీ 76 లక్షల గొర్రెలు లెక్కకు వచ్చాయి. గొర్రెల మందలకు పేరుపడిన సీమలో, మాంసం వండిన ఇంట్లోనే, వండిన మనిషికి ఒంట్లో రక్తం లేదంటే కూర ఎవరి తట్టలోకి పోతున్నదో అడగాల్సిందే.

మాంసంలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది. రాగుల్లో సున్నం దండిగా ఉన్నా, వాటిలోని ఇనుమును ఫైటేట్లు, టానిన్లు పట్టి ఉంచి ఒంటికి సరిగా అందనివ్వవు. అదే తట్టలో మాంసం ఉంటే రాగుల ఇనుము కూడా ఎక్కువగా ఒంటబడుతుంది. అంటే సంగటి పక్కన నాలుగు ఉండలు తిన్న మనిషికి రెండు వైపుల నుంచీ లాభం. వట్టి పులుసుతో తిన్న మనిషికి ఆ లాభం చాలావరకు పోయినట్టే. పైన నిమ్మకాయ పిండుకుంటే ఇంకా మంచిది. తిన్న వెంటనే టీ తాగడం మాత్రం మానుకోవాలి, టీలోని టానిన్లు ఇనుమును అడ్డుకుంటాయి. గంటో రెండు గంటలో ఆగి తాగితే ఇబ్బంది లేదు.

కైమాతో ఒక జాగ్రత్త తప్పనిసరి. ముక్క మాంసానికి క్రిములు పైపైనే ఉంటాయి, వేడి తగలగానే చస్తాయి. కైమా కొట్టినప్పుడు పైన ఉన్నది లోపలికంతా కలిసిపోతుంది. అందుకే ఉండ నడుమ దాకా ఉడకాలి. పొట్టేలు కైమా అయితే లోపల 71 డిగ్రీల సెల్సియస్, కోడి కైమా అయితే 74 డిగ్రీలు తాకాలని ఆహార భద్రత నియమం. ఇంట్లో ఉష్ణమాపకం లేకపోతే ఒక ఉండను నడిమికి కోసి చూడాలి. ఎక్కడా గులాబి రంగు, పచ్చి జిగురు ఉండకూడదు. నిమ్మకాయంత ఉండకు ఈ బాధ తక్కువ, నారింజకాయంత చేస్తే బయట మాడి లోపల పచ్చిగా ఉండే ప్రమాదం ఉంది. చిన్న ఉండకు ఉన్న ఇంకో మేలు ఇది. కొట్టించిన కైమాను ఆ రోజే వండాలి. ఫ్రిజ్ ఉన్నా మర్నాటిని దాటనివ్వకూడదు. వండిన ఉండలైతే ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి. సీమ ఎండల్లో వండిన మాంసాన్ని బయట గంటకు మించి ఉంచడం మంచిది కాదు.

రెండు మూడు రోజులకు సరిపడా ఒకేసారి చేసిపెట్టుకోవాలనుకునే ఇళ్లకు ఇడ్లీ పాత్ర పద్ధతి బాగా కుదురుతుంది. ఆదివారం పొద్దున కిలో కైమాతో రెండు వాయిలు వండితే ముప్పై రెండు బిళ్లలు. సగం ఆ పూటకే పులుసులోకి పోతాయి. మిగతావి చల్లారాక డబ్బాల్లో, మనిషికో డబ్బా. సోమవారం ఒకరు వాటిని తుంచి ఉగ్గానిలో కలుపుకుంటారు, ఇంకొకరు చపాతీలో చుట్టుకుని బస్సెక్కుతారు. బడి పిల్లకు పుల్లకు గుచ్చి ఇస్తే చాలు. మధ్యాహ్న భోజనంలో బడి పిల్లలకు గుడ్డు పెట్టడంలో ఉన్న తెలివి ఇదే. పప్పును నీళ్లు పోసి పెంచవచ్చు, గుడ్డును పెంచలేరు. ఒక పిల్లకు ఒక గుడ్డు అంటే ఒక గుడ్డే.

ఇంట్లో ఈ లెక్క పెట్టడానికి కొందరు మొహమాటపడతారు. అమ్మ చేతి వంటకు ఎంచడమేమిటి, మనిషికి ఇన్నే అనడం పిసినారితనం కాదా అంటారు. కానీ పాళ్లు వేసే చోట ఎవరూ అలా అనుకోరు. అక్కడ లెక్క అంటే గౌరవం. పన్నెండు కుప్పల్లో ఒక కుప్ప ఊళ్లో ఒంటరిగా ఉండే ముసలమ్మది కావచ్చు, ఆమె అక్కడికి రాకపోయినా ఆమె పాలు ఆమె ఇంటికి పోతుంది. ఎక్కువ తినగల పిల్లవాడికి ఇంకో ఉండ ఇవ్వాలనిపిస్తే ఎవరి వంతులోంచి ఇస్తున్నామో తెలిసే ఇవ్వవచ్చు. ఇన్నాళ్లూ జరిగింది తెలియకుండా ఇవ్వడం.

సంచిలో తన పాలు తెచ్చుకున్న ఇంటికే చివరగా మళ్లీ వెళ్దాం. ఉగాది మర్నాటి మాంసంలో సగం కైమాకు పోయింది, ఎముకలు పులుసుకు పోయాయి. పొద్దున కర్మాగారానికి పోయిన కోడలు తిరిగొచ్చేసరికి రాత్రి పదకొండు. బస్సు దిగి నడిచొచ్చింది. ఇంట్లో అందరూ తిని పడుకున్నారు. పొయ్యి పక్కన మూతపెట్టిన తట్టలో ఒక ముద్ద ఉంది. ఫ్రిజ్‌లో స్టీలు డబ్బా. పొయ్యి వెలిగించి పులుసును మళ్లీ పొంగు వచ్చేదాకా కాస్తుంది. పొంగే పులుసులో ఉండలు పైకి తేలతాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు.